మంచంలో తిరిగేది వేరు, మొహం కడిగేటప్పుడు తూలేది వేరు

దేవరకొండ దగ్గరి పల్లె నుంచి ఒక తమ్ముడు అడిగిన సంగతి ఇది. నాయనకు 63 ఏళ్లు. ఏడు నెలల కింద ఎడమ కాలు, చెయ్యి పడిపోయాయి. ఇప్పుడు కర్ర పట్టుకొని నడుస్తున్నారు. 12 ఏళ్లుగా షుగర్. ఈ నెలలో రెండుసార్లు పడ్డారు: ఒకసారి రాత్రి ఒంటికి పోదామని వాకిట్లోకి వస్తూ, ఇంకోసారి పొద్దున మొహానికి సబ్బు పెట్టుకొని. మంచంలో కుడిపక్కకు ఒత్తిగిలితే ఇల్లంతా గిర్రున తిరుగుతోందట. దానికి నెలల తరబడి తలతిరుగుడు గోలీలు వేస్తున్నారు. ఇంటికొచ్చే ఫిజియో కండరాలకు కరెంటు పెట్టి, కాలూ చెయ్యీ ఆడించి పోయేవాడు. అది కూడా ఆపేశారు. ఆరు నెలలు దాటాక ఇంకేం రాదని చుట్టాలు అంటున్నారు. బాలెన్స్‌కి ఏ ఎక్సర్‌సైజులు చేయించాలి అని ప్రశ్న.

తమ్ముడూ, ఎక్సర్‌సైజుల దగ్గరికి తర్వాత వద్దాం. నువ్వు ఒక్క జబ్బు అనుకొని రాసినదాంట్లో నాకు కనీసం మూడు కనిపిస్తున్నాయి. మూడింటికీ మందు వేరు, చేయించే పని వేరు. నల్లగొండలో ఇన్నేళ్లుగా ఇట్లా తూలేవాళ్లను, పడేవాళ్లను చూసే పనే చేస్తున్నాను. నా దగ్గరికి వచ్చేవాళ్లలో చాలామంది చేతిలో ఒక జిరాక్స్ కాగితం ఉంటుంది, పక్కింటాయనకు ఎవరో రాసిచ్చిన ఎక్సర్‌సైజులు. ఆ కాగితం చూసే ముందు నేనడిగేది ఒకటే: ఎక్కడ పడ్డారు, అప్పుడు ఏం చేస్తున్నారు? నువ్వు అడగకుండానే ఆ రెండూ రాశావు. సగం పని అయినట్టే.

మనిషి నిలబడటానికి మెదడు మూడు చోట్ల నుంచి కబురు తెప్పించుకుంటుంది. కళ్లు, లోపలి చెవి, పాదాలూ కీళ్లూ. ఒకటి పోతే మిగతా రెండింటితో నెట్టుకొస్తుంది. రెండు పోతే మనిషి పడతాడు. మీ నాయన పడ్డ రెండుసార్లూ కళ్లు పనిచేయని సమయమే చూడు. ఒకటి చీకటి, ఇంకోటి సబ్బు పెట్టుకొని కళ్లు మూసుకోవడం. అంటే ఇన్నాళ్లూ ఆయన్ని నిలబెడుతున్నవి కళ్లే. పాదాల నుంచి రావాల్సిన కబురు సరిగ్గా రావడం లేదు. పన్నెండేళ్ల షుగర్‌లో పాదాల నరాలు దెబ్బతినడం మామూలే. చెప్పు కాలి నుంచి జారిపోయినా తెలియడం లేదా, నేల మీద నడుస్తుంటే దూది మీద నడిచినట్టుందా అని అడిగి చూడు. డాక్టర్ దగ్గర 128 హెర్ట్జ్ ట్యూనింగ్ ఫోర్కు బొటనవేలి మీద ఆనించి, మోనోఫిలమెంట్ అనే సన్నటి నైలాన్ దారం పాదానికి నొక్కి చూస్తే కొన్ని నిమిషాల్లో తేలుతుంది. షుగర్‌కి మెట్‌ఫార్మిన్ ఏళ్ల తరబడి వాడుతుంటే బి12 పరీక్ష కూడా చేయించు. ఆ గోలీతో బి12 తగ్గుతుంది, తగ్గితే ఇదే తూలుడు వస్తుంది. అది భర్తీ చేసుకోగలిగిన లోటు, వదిలేయడం దండగ.

రాత్రి పడ్డదానికి ఇంకో కారణం కూడా ఉండొచ్చు. పడుకున్నప్పుడు ఒకసారి, లేచి నిలబడ్డ మూడు నిమిషాల లోపు ఇంకోసారి బీపీ చూడు. పై అంకె 20గానీ, కింది అంకె 10గానీ పడిపోతే లేవగానే కళ్లు చీకట్లు కమ్మి పడుతున్నట్టు లెక్క. బీపీ గోలీలు, ప్రోస్టేట్ గోలీలు వేసుకునేవాళ్లలో ఇది ఎక్కువ. ఎక్సర్‌సైజ్‌తో పోయేది కాదు, డాక్టర్ మోతాదు మార్చాలి.

ఇప్పుడు మంచంలో తిరుగుడు సంగతి. ఒత్తిగిలినప్పుడే వచ్చి, నిమిషం లోపు తగ్గిపోయే తిరుగుడు చాలావరకు చెవిలోదే. లోపలి చెవిలో సున్నపు పలుకులు కొన్ని ఉంటాయి. అవి తమ చోటు నుంచి ఊడి అర్ధచంద్రాకారపు గొట్టాల్లోకి జారితే, తల కదిలినప్పుడల్లా అవీ కదిలి మెదడుకి తప్పుడు కబురు పంపుతాయి. దీన్ని బీపీపీవీ అంటారు. బీపీకీ దీనికీ సంబంధం లేదు, పేరు విని చాలామంది కంగారుపడతారు. తలను 45 డిగ్రీలు ఒక పక్కకు తిప్పి వెనక్కి పడుకోబెట్టి కళ్లు ఎట్లా కొట్టుకుంటున్నాయో చూస్తే ఏ చెవో తెలుస్తుంది. ఆ పరీక్ష పేరు డిక్స్ హాల్‌పైక్. ఆ పలుకుల్ని తిరిగి తమ చోటికి పంపే పద్ధతిని జాన్ ఎప్లీ అనే అమెరికా డాక్టర్ 1992లో ప్రచురించారు. తలను నాలుగైదు భంగిమల్లో వరసగా తిప్పుతారు, అంతే. చాలామందికి ఒకటి రెండుసార్లలోనే తగ్గుతుంది. చేయించుకున్నాక రెండు రోజులు కూర్చొనే నిద్రపోవాలన్నది పాత మాట, ఇప్పుడు అవసరం లేదంటున్నారు. కొన్నాళ్లకు మళ్లీ రావచ్చు, మళ్లీ చేయించుకోవచ్చు.

ఈఎన్‌టీ డాక్టరైనా, దీన్ని నేర్చుకున్న ఫిజియో అయినా చేస్తారు. ఫోన్లో వీడియో చూసి మాత్రం నువ్వు చేయొద్దు. మీది దేవరకొండ ప్రాంతం కాబట్టి గట్టిగా చెబుతున్నాను. మర్రిగూడ, మునుగోడు, చండూరు పక్క నుంచి వచ్చే పెద్దవాళ్లలో మెడ కర్రలా బిగిసి ఉన్నవాళ్లు ఇప్పటికీ కనిపిస్తారు. ఇప్పుడు కృష్ణా నీళ్లు నల్లాల్లో వస్తున్నా, 60 దాటినవాళ్ల చిన్నతనమంతా బాయి నీళ్లు, బోరు నీళ్ల మీదే గడిచింది. లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాముల హద్దును బాగా దాటిన ఫ్లోరైడ్ నీళ్లు ఏళ్ల తరబడి తాగితే వెన్నెముక కట్లు ఎముకలా గట్టిపడి లోపల వెన్నుపాము దారి ఇరుకవుతుంది. అట్లాంటి మెడను వెనక్కి వంచి గిరుక్కున తిప్పితే ఏమవుతుందో వేరే చెప్పనక్కర్లేదు. మెడ తిరగనివాళ్లకు మొత్తం ఒంటినే పక్కకు వాల్చి చేసే పద్ధతులున్నాయి.

అసలు మీ నాయనకు రెండు కాళ్లూ బిగుసుకుంటున్నా, రెండు చేతుల్లో తిమ్మిర్లున్నా, చొక్కా గుండీ పెట్టుకోవడం కష్టమైనా, మూత్రం ఆగకపోయినా పక్షవాతం ఖాతాలో వేయకు. పక్షవాతం చాలావరకు ఒక పక్కకే వస్తుంది. రెండు పక్కలా ఉంటే ముందు మెడ ఎమ్మారై, న్యూరో డాక్టర్ మాట. ఆ తర్వాతే ఫిజియో. మెడ లాగించడం, మెటికలు విరిపించడం ఆ స్థితిలో ప్రమాదం.

తలతిరుగుడు గోలీల మీద నాకు కోపం ఎక్కువ, దాచుకోను. సిన్నరజిన్, ప్రోక్లోర్‌పెరజిన్ లాంటివి తీవ్రంగా తిరిగి వాంతులవుతున్న మొదటి రెండు మూడు రోజులకు పనికొస్తాయి. నెలల తరబడి వేస్తే మెదడు కొత్తగా సర్దుకోవడాన్నే అవి అడ్డుకుంటాయి. పైగా వయసు మళ్లినవాళ్లలో ఒళ్లు బిగిసి, చేతులు వణికి, అచ్చం పార్కిన్సన్‌లా తయారవుతారు. అట్లా వచ్చిన వణుకుకు మళ్లీ ఇంకో గోలీ రాసిన చీటీలు చూశాను. నీ దగ్గరున్న పట్టీ మీద పేరు చదివి, రాసిన డాక్టర్‌నే అడుగు, ఇంకా అవసరమా అని. రక్తం పలచబడే గోలీ, బీపీ, కొలెస్ట్రాల్ గోలీలు మాత్రం ఇదే ఊపులో ఆపొద్దు.

తిరుగుడు నిమిషంలో తగ్గకుండా గంటలు ఉన్నా, దానితోపాటు మాట తడబడినా, ఒకటి రెండుగా కనిపించినా, మూతి వంకరపోయినా చెవి అనుకొని కూర్చోవద్దు. 108కి ఫోన్ చెయ్. అది మళ్లీ పక్షవాతం కావొచ్చు. మెదడులో నెత్తురు గడ్డను కరిగించే ఇంజెక్షన్ నాలుగున్నర గంటల్లోపే ఇవ్వాలి. దేవరకొండ నుంచి హైదరాబాద్ దారిలోనే అందులో సగం కరిగిపోతుంది. అందుకే స్కానింగ్ ఉన్న పెద్దాసుపత్రి ఏది దగ్గరో ముందే అడిగి పెట్టుకో.

ఇక పక్షవాతం. ఆరు నెలలు దాటాక ఏం రాదన్న మాట ఎక్కడ పుట్టిందో తెలుసు. మొదటి మూడు నెలల్లో మెదడు తనంతట తాను కోలుకునే వేగం ఎక్కువ, తర్వాత అది మందగిస్తుంది. మందగిస్తుందంతే, తలుపు మూసుకోదు. ఆ తర్వాత వచ్చేదంతా అభ్యాసం మీద వస్తుంది, ఏళ్ల తర్వాత కూడా నడక మెరుగైనవాళ్లున్నారు. చిక్కంతా అభ్యాసం చాలకపోవడమే. 2009లో అచ్చయిన ఒక పరిశీలనలో అమెరికా, కెనడా ఫిజియోలు ఒక్కో పూట రోగి చేతితో చేయించినవి సగటున 32 సార్లేనని తేలింది. జంతువుల మీద ప్రయోగాల్లో మెదడు మారడానికి రోజుకు వందలసార్లు చేయించాల్సి వచ్చింది. అక్కడే అట్లా ఉంటే, మన దగ్గర మంచం మీద పడుకోబెట్టి అరగంట కరెంటు పెట్టి, పదిసార్లు కాలు ఆడించి పోతే నడక ఎట్లా వస్తుంది? కాలు ఆడించింది ఫిజియో, మీ నాయన కాదు. కరెంటు బొత్తిగా పనికిరాదని అనను. నడుస్తున్నప్పుడు సరిగ్గా పాదం లేవాల్సిన క్షణంలో పెడితే మంచిదే. నిద్రపోయే మనిషికి పెడితే కరెంటు బిల్లు తప్ప ఏం పెరగదు.

ఎడమ పక్క పడిపోయిందంటే దెబ్బ మెదడు కుడివైపు తగిలింది. ఇందులో ఇంటివాళ్లు గుర్తుపట్టని చిక్కు ఒకటుంది. కొందరికి ఎడమవైపు లోకమే లేనట్టవుతుంది. కంచంలో ఎడమపక్క అన్నం అట్లాగే మిగిలిపోతుంది, గడ్డం ఒకవైపే గీసుకుంటారు, దర్వాజకు ఎడమ భుజం కొట్టుకుంటుంది. పిలిస్తే కుడిపక్కే చూస్తారు. ఇంకా తమకేం కాలేదన్న ధీమాతో కర్ర లేకుండా లేచిపోతారు. మీ నాయన ఎడమ భుజం మీద కమిలిన గుర్తులుంటే ఇదే అనుకో. అప్పుడు టీ గ్లాసు, ఫోను, టీవీ, మాట్లాడే మనిషి అన్నీ ఎడమవైపే ఉండేటట్టు చూడు. దర్వాజ ఎడమ చెక్కకు ఎర్ర రిబ్బన్ కట్టి, దాటే ముందు అది వెతకమని చెప్పు. మొదట్లో విసుక్కుంటారు, పర్వాలేదు. దీనికి ఎంత దిట్టమైన కాళ్ల ఎక్సర్‌సైజ్ చేయించినా దర్వాజకు కొట్టుకోవడం తగ్గదు.

చేయించాల్సిన మొదటి పని కుర్చీలోంచి లేవడం, కూర్చోవడం. గోడకు ఆనించిన గట్టి కుర్చీ కావాలి, నులక మంచం వద్దు. రెండు పాదాలు నేలకు ఆనాలి, ఎడమ పాదం కుడిదానికంటే కాస్త వెనక్కి ఉండాలి. అట్లా పెడితే బరువు ఎడమ కాలు మీదికి రాక తప్పదు. ముక్కు మోకాళ్లను దాటేదాకా ముందుకు వంగి, లేవాలి. కూర్చునేటప్పుడు దబ్బున పడకుండా మెల్లగా దిగాలి. ఒక్క విడతలో అలిసేదాకా చేయించకు. టీకి ముందు కొన్ని, తిన్న గంటకు కొన్ని, టీవీలో వార్తలప్పుడు కొన్ని. రోజు మొత్తం మీద యాభైకి చేర్చి, అక్కడి నుంచి పెంచు. ఎత్తు తక్కువ కుర్చీకి మారడం తర్వాతి మెట్టు.

బాలెన్స్‌కి గది మూల మంచిది. వీపు వెనక రెండు గోడలు, ముందు కుర్చీ వీపు. నువ్వు ఆయన ఎడమపక్కే నిలబడాలి. చెయ్యి పట్టుకోకు, నడుముకు తువాల గట్టిగా చుట్టి దాన్ని పట్టుకో. ముందు పాదాలు దగ్గరగా పెట్టి నిలబడటం, తర్వాత ఒక పాదం సగం ముందుకు, ఆ తర్వాత మడమకు వేళ్లు ఆనేటట్టు ఒకదాని ముందు ఒకటి. అది కుదిరాక తల అటూఇటూ తిప్పడం, పైనున్న ఫ్యాన్ చూసి కింద నేల చూడటం. చివరికి కళ్లు మూసుకోవడం, అదీ పాదాలు ఎడంగా పెట్టి, రెండు మూడు క్షణాలే. ఇందులో మనిషి కాస్త తూలాలి. స్టాండు వేసిన సైకిల్ మీద ఎంతసేపు తొక్కినా సైకిల్ రాదు. కొద్దిగా ఊగి, తనంతట తాను సర్దుకుంటేనే మెదడు నేర్చుకుంటుంది. ఊగగానే నువ్వు పట్టేసుకుంటే నేర్చుకున్నది నువ్వు, ఆయన కాదు. పడేటట్టుంటేనే పట్టు. సులువైపోయిందంటే తర్వాతి మెట్టుకు పోవాల్సిన వేళ వచ్చినట్టు.

నడిచేటప్పుడు ఆయనతో మాట్లాడి చూడు. మాట చెప్పడానికి ఆగిపోతున్నారంటే నడకకే బుర్రంతా పెట్టాల్సి వస్తోందన్నమాట, అట్లాంటివాళ్లు పడే అవకాశం ఎక్కువ. మొదట్లో నడక వేళ మాటలు పెట్టుకోవద్దు. కుదురుకున్నాక కావాలనే పెట్టుకోవాలి: వడ్ల ధర ఎంత, ఏ మడిలో ఏం వేశారు, వంద నుంచి మూడు మూడు తీసేస్తూ లెక్కపెట్టు. సంతలో, బస్‌స్టాండులో అట్లాగే నడవాలి కదా.

కర్ర కుడి చేతిలో ఉండాలి. ఎడమ కాలు బలహీనం కదా అని ఎడమచేతికి ఇచ్చేవాళ్లున్నారు, అది తప్పు. నిలబడి చెయ్యి వదిలేస్తే మణికట్టు దగ్గరికి రావాలి దాని ఎత్తు. కింద రబ్బరు బుడిపె అరిగితే మార్చాలి, పది ఇరవై రూపాయల వస్తువు. మెట్లెక్కేటప్పుడు మంచి కాలు ముందు, దిగేటప్పుడు చెడ్డ కాలు ముందు. మన ఇళ్లల్లో గడప తొక్కరు, దాటుతారు. పాత ఇళ్ల గడపలు జానెడు ఎత్తు ఉంటాయి. పాదం వేలాడే మనిషికి అది గోడతో సమానం. గడప పక్కన గోడకు పట్టుకునే గొట్టం ఒకటి బిగించు, దాటడాన్నే విడిగా అభ్యాసం చేయించు. పాదం బొత్తిగా లేవకపోతే చీలమండ పట్టీ, అంటే ఏఎఫ్‌ఓ స్ప్లింట్, కొలతలిచ్చి చేయించుకో. షుగర్ మనిషి కాబట్టి రోజూ విప్పి చర్మం ఎర్రబడిందేమో చూడు. హవాయి చెప్పులు మానిపించు, వెనక పట్టీ ఉన్నవి తొడిగించు. మొహం కుర్చీలో కూర్చొని కడుక్కోమను. రాత్రికి బాత్రూం దారిలో చిన్న బల్బు, మంచం పక్కన మూత్రం పట్టే డబ్బా. ఇవి నామోషీ అనుకుంటే తుంటి విరుగుతుంది.

చెయ్యి గురించి నువ్వు అడగలేదు గానీ రెండు మాటలు. పడిపోయిన చెయ్యి పట్టుకొని లేపకండి, భుజం కీలు జారుతుంది. పైకప్పుకు కప్పీ, తాడు కట్టి రెండు చేతులూ గుంజడం కూడా వద్దు, భుజం నొప్పి అక్కడే మొదలవుతుంది. బిగుసుకున్న పిడికిలికి బంతి ఇచ్చి నొక్కమంటే మూసుకునే చెయ్యి ఇంకా మూసుకుంటుంది. మీ నాయనకు కావాల్సింది వేళ్లు తెరవడం. పావురం నెత్తురు పూస్తే నరం లేస్తుందనేవాళ్లు మీ ఊళ్లోనూ ఉండే ఉంటారు. దాంతో ఒరిగేదేం లేదు, ఆ పక్షిని వదిలేయండి.

నీ ప్రశ్న కింద ఇంకొందరు తమ ఇంట్లోవాళ్ల గురించి అడిగారు కాబట్టి: పైన రాసింది మీ ఇంటికి మక్కీకి మక్కీ పనికిరాదు. పార్కిన్సన్ ఉన్నవాళ్లకు అడ్డం బలహీనత కాదు, అడుగు చిన్నదైపోవడం, దర్వాజ దగ్గర, మలుపు దగ్గర కాళ్లు నేలకు అతుక్కుపోవడం. వాళ్లకు వాకిట్లో మూరెడుకు ఒకటి చొప్పున అడ్డంగా ముగ్గు గీతలు గీసి, గీత దాటి అడుగేయమంటే కాలు పడుతుంది. ఎక్కడికక్కడ గిరుక్కున తిరగకుండా చుట్టూ పెద్దగా తిరిగిరావాలి. ఎక్సర్‌సైజ్ గోలీ బాగా పనిచేస్తున్న వేళలోనే చేయించాలి. వెనక నుంచి తోయడం, చెయ్యి పట్టి గుంజడం అసలు చేయొద్దు.

పాలమూరు పక్క నుంచి అడిగిన అమ్మకు: మీ ఆయన సాయంత్రాలే తూలుతున్నారంటే కల్లు సంగతి దాచకుండా డాక్టర్‌కి చెప్పండి. కల్తీ కల్లులో కలిపేది డైజిపామ్, ఆల్ప్రజోలం, క్లోరల్ హైడ్రేట్ లాంటి మత్తుమందులు. అవే తూలిస్తాయి. ఒక్కసారిగా మానిపిస్తే ఫిట్స్ వస్తాయి, మతి తప్పుతుంది. డాక్టర్ చూపులోనే మెల్లగా మానాలి. అంతదాకా బాలెన్స్ ఎక్సర్‌సైజులు పెట్టుకోవద్దు.

తమ్ముడూ, రోజూ వచ్చి కరెంటు పెట్టిన మనిషికి ఇచ్చినంత డబ్బుతో, వారానికోసారి వచ్చి నీకు నేర్పి, పోయినవారంకంటే ఎంత మారిందో కొలిచి పోయే ఫిజియోను వెతుక్కో. నల్లగొండ, మహబూబ్‌నగర్ సర్కారు పెద్దాసుపత్రుల్లో ఫిజియోథెరపీ ఉంది, అక్కడ అడుగు. కొలత నువ్వే ఇంట్లోనూ పెట్టుకోవచ్చు. కుర్చీ నుంచి మూడు మీటర్ల దూరంలో సుద్దగీత గియ్యి. లేచి, గీతదాకా నడిచి, తిరిగి వచ్చి కూర్చునేదాకా ఫోన్లో సెకన్లు చూడు. 12 దాటితే పడే ముప్పు ఉన్నట్టు. మీ నాయనకు మొదట్లో 30 వచ్చినా బెంగపడకు, పదిహేను రోజులకోసారి చూసి రాసుకో. ఫిజియో దగ్గర బాలెన్స్‌ను కొలిచే బెర్గ్ స్కేల్ వేయించు. 14 పనులు, మొత్తం 56 మార్కులు. 45 కంటే తక్కువైతే ఒంటరిగా బయటికి పంపొద్దు. వైకల్యం చూసి ధ్రువపత్రం ఇచ్చే సర్కారు శిబిరంలో (సదరం అంటారు) పేరు రాయించుకో. 40 శాతం, ఆ పైన వైకల్యం తేలితే పింఛనుకు దారి దొరుకుతుంది. 2016 చట్టం ప్రకారం పార్కిన్సన్ కూడా వైకల్యాల జాబితాలో ఉంది, పైన అడిగినవాళ్లు గమనించండి.

మళ్లీ పడితే హడావిడిగా రెక్కలు పట్టి లేపొద్దు. ముందు తుంటి నొప్పి ఉందా, కాలు పొట్టిగా, బయటికి తిరిగి కనిపిస్తోందా చూడు. ఉంటే కదపకుండా అంబులెన్స్ పిలువు. లేకపోతే మెల్లగా కుడిపక్కకు ఒత్తిగిలనిచ్చి, మోచేతి మీద లేపి, మోకాళ్ల మీదికి తెచ్చి, ముందు కుర్చీ వేసి కుడి చేత్తో పట్టుకోమను. కుడి పాదం నేలకు ఆనించి ఆయనే లేవాలి, నువ్వు నడుము దగ్గర తువాల పట్టుకుంటే చాలు. రక్తం పలచబడే గోలీలు వేసుకునే మనిషి కాబట్టి తలకు దెబ్బ తగిలిందంటే, పైకి బాగానే ఉన్నా, మాట్లాడుతున్నా, అదే రోజు దవాఖానకు తీసుకుపోయి తల స్కాన్ చేయించు.